పికప్‌కి ఊపిరి గొట్టం

జూన్ 3

ఈ రోజు అయిన పనులు: నీళ్ళ ట్యాంకు కడగడం, దుప్పట్లు ఉతకడం, బియ్యంలో పురుగు ఏరడం, షెడ్డు తలుపు గడియ బిగించడం, నీ బండి బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టడం. మిగిలిపోయినది: నీకు ఉత్తరం. అది ఇప్పుడు అవుతోంది.

ఒరే తమ్ముడూ,

వేళకి తింటున్నావా? ఎవరితోనూ పేచీ పెట్టుకోవడం లేదు కదా? బుద్ధిగా ఉంటే సెప్టెంబరులోనే వదిలేస్తారని వార్డరు చెప్పాడన్నావు. నేను దేవుణ్ణి అడిగేది ఆ ఒక్కటే. బండి టైర్లు కోశాడని జాకీ రాడ్డుతో ఆ లారీ ఓనరు పీపా దవడ విరగ్గొట్టావు. టైర్లు కొత్తవి వేశాం. దవడే ఇంకా సరిగ్గా అతకలేదట. నువ్వేమో గోడల మధ్య కూర్చున్నావు. ఈ బేరంలో లాభం ఎక్కడుందో ఎంత వెతికినా నాకు కనపడలేదు.

మీ బావ కులాసా. నీ పికప్‌లో వాగు అవతలి క్వారీ కూలీలకి సరుకులు చేరుతూనే ఉన్నాయి. అయితే వానలు మొదలయ్యాయి. రేవు దగ్గర నీళ్ళు నిన్న హెడ్‌లైట్ల దాకా వచ్చాయి. పీపా లారీ కూడా ఒడ్డునే ఆగిపోయింది. ఈ వానాకాలం దాటగలిగిన బండికే క్వారీవాళ్ళు ఏడాది పని ఇస్తారట. దీనికి ఊపిరి గొట్టం పెడతానని నువ్వు ఎప్పుడూ అంటుండేవాడివి కదా, అది ఎలా పెట్టాలో రాయి. చిన్నపిల్లలకి చెప్పినట్టు, ఏదీ వదలకుండా రాయి. నువ్వు చెప్పనిది నేను చేయను, చెప్పింది మానను.

కోపం వస్తే నీళ్ళు తాగు.

అక్క

*

జూన్ 11

అక్కా,

తిండి గురించి అడగొద్దు. నీ చేతి కూర గుర్తొస్తే ఏడుపొస్తుంది, ఏడిస్తే పక్కవాడు తంతాడు.

ఇంజను కూడా మనిషిలాంటిదే, గాలి పీల్చకపోతే బతకదు. దాని ముక్కు బానెట్ లోపల, హెడ్‌లైటు వెనక ఉంటుంది. అక్కడిదాకా నీళ్ళొస్తే మింగేస్తుంది. మనం ఆ ముక్కుని పొడిగించి, పక్క రేకులోంచి బయటికి తీసి, అద్దం పక్క కమ్మీ వెంబడి పైకప్పు ఎత్తుకి తీసుకెళ్ళాలి. అంతే.

మూడంగుళాల దళసరి ప్లాస్టిక్ గొట్టం కొనండి. ఊరికే వంచితే నొక్కుకుపోతుంది. సన్న ఇసుక బాగా కాల్చి, గొట్టం నిండా పోసి, రెండు చివరలూ బిగించి, మెత్తబడ్డాక కమ్మీ వంపుకి సరిపోయేలా వంచి, తడిగుడ్డ వెయ్యండి. రేకుకి ముందు అట్టముక్కతో అచ్చు తీసి, లోపల వైర్లు లేవని చూసుకుని, డ్రిల్లుకి గుండ్రటి రంపం తగిలించి కోయండి. కోసిన అంచు కత్తికన్నా వాడి. ఆకురాయితో రాచి రంగు పూయండి, లేకపోతే తుప్పు తింటుంది. అతుకు ఉన్న ప్రతిచోటా రబ్బరు, క్లిప్పు, గమ్ము. అన్నిటికంటే ముఖ్యం ఏమిటంటే ■■■■■■■■■■■■■■■■■■■■■■■■

అంతా అయ్యాక పరీక్ష. ఇంజను ఆడుతుండగా గొట్టం నోటికి రబ్బరు చెప్పు అడుగు గట్టిగా ఆనించండి. చెయ్యి పెట్టొద్దు, లాగేస్తుంది. ఇంజను గిలగిల్లాడి చావాలి. చావకపోతే ఎక్కడో దొంగగాలి పీలుస్తోందన్నమాట. ఇంకొకటి, నీళ్ళ మధ్యలో ఇంజను ఆగిపోతే మళ్ళీ తాళం తిప్పొద్దు. నీళ్ళు నలగవు, ఇనుమే వంగుతుంది.

ఈ పనంతా బావకి అప్పగించు. ఆ చేతులు అన్నం కలుపుకోవడానికి తప్ప దేనికైనా పనికొస్తాయని ఒక్కసారి చూపించమను. ఈ మాట నేనన్నానని చదివి వినిపించు.

నీ ఖైదీ తమ్ముడు

*

జూన్ 22

అయిన పనులు: వంట, బట్టలు, రేకు కోత, వంట.

తమ్ముడూ,

"అన్నిటికంటే ముఖ్యం ఏమిటంటే" అని రాశాక రెండు వరుసలు మీ వాళ్ళు నల్ల సిరా పూసేశారు. దీపానికి అడ్డం పెట్టి చూశాను, వెనక్కి తిప్పి చూశాను, ఒక్క అక్షరం కనపడలేదు. అది మళ్ళీ రాయి.

మిగతాదంతా నువ్వు చెప్పినట్టే అయింది. ఇసుకని నా పెద్ద మూకుడులోనే కాల్చాం. ఎదురింటావిడ కిటికీలోంచి చూసి "ఏం వండుతున్నారండీ?" అంది. "మా ఆయనకి అరుగుదల లేదు, ఇసుక వేపుడు పెడుతున్నాను" అన్నాను. కిటికీ మూసేసింది. గొట్టం మొదటిసారి నొక్కుకుపోయింది, రెండోది చక్కగా వంగింది. ముంజేతి మీద ఇసుక ఒలికి పొక్కులొచ్చాయి, తగ్గుతున్నాయి. రేకు కోస్తుంటే మేకని కోస్తున్నట్టు అరిచింది.

కానీ పరీక్షలో బండి తప్పింది. చెప్పు ఎంత గట్టిగా అదిమినా ఇంజను గిలగిల్లాడిందే గాని చావలేదు. పాత తాడు ముక్క ముట్టించి ఆ పొగ ప్రతి అతుకు దగ్గరా పెట్టి చూశాను. అతుకులన్నీ గట్టిగానే ఉన్నాయి. గాలి వడపోసే ఫిల్టరు పెట్టె అడుగున మాత్రం పొగ లోపలికి పోయింది. అక్కడ వేలు పట్టేంత రంధ్రం ఉంది. అది పగిలింది కాదు, కంపెనీవాళ్ళే పెట్టినట్టు నున్నగా ఉంది. దాన్ని మూయవచ్చా? మూస్తే ఇంకేదైనా పాడవుతుందా? నీ జవాబు వచ్చేదాకా బండిని వాగులో దింపను. క్వారీవాళ్ళు తొందరపెడుతున్నారు.

మీ బావ గురించి అన్న మాట చదివి వినిపించలేదు. అలాంటివి రాయకు.

అక్క

*

జూలై 4

అక్కా,

రేపు విడుదలయ్యే ఒకాయన చొక్కాలో దాచి ఇది బయటికి పంపుతున్నాను. నువ్వు రాసినవేవీ నాకు ఇవ్వడం లేదు. శిక్ష వేశారు.

పీపా దగ్గర మూటలు మోసేవాడొకడు దొంగతనం కేసులో ఇక్కడికొచ్చాడు. కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ, నవ్వుతూ చెప్పాడు: "మీ బావ వేళ్ళు చిదక్కొట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మా నిచ్చెన లేడూ, ఆ పొడుగువాడు, వాడు మణికట్టు పట్టుకున్నాడు, పీపా సుత్తి దించాడు. మీ బావ అరవలేదు కానీ పంచె తడుపుకున్నాడు." వాడి జుట్టు పట్టుకుని మొహాన్ని కుళాయికేసి మోదాను. రెండు పళ్ళు తొట్టిలో పడ్డాయి. వార్డర్లు ముగ్గురు కలిసి లాగితే గాని వదల్లేదు. వాళ్ళ లాఠీలకి నా పక్కటెముక ఒకటి చిట్లింది, పరవాలేదు.

మే నెలలో జరిగిందట. మేలో! జూన్‌లో నువ్వు "మీ బావ కులాసా" అని రాశావు. ఆ చేతుల మీద నాతో జోకులు వేయించావు. గొట్టం పని చేసింది నువ్వే కదూ? బండి నడిపేదీ నువ్వే.

సెప్టెంబరు మాట ఇక లేదేమో. ఎప్పుడు వచ్చినా సరే, పీపాకి నేనొక సుత్తి దెబ్బ బాకీ. నిచ్చెనకి రెండు మణికట్లు. వాళ్ళని పాతేశాకే ఇంట్లో అడుగు పెడతాను.

తమ్ముడు

*

జూలై 8

అయిన పనులు: ఏమీ లేవు. పొద్దుటి నుంచి నీ ఉత్తరం దగ్గరే కూర్చున్నాను.

తమ్ముడూ,

నీ మాట చేరింది. నీ మనసులో ఏముందో ఇక్కడ రాయను, ఇది పదిమంది చదివే కాగితం.

నడిపేది నేనే. కోసింది, వంచింది నేనే. మీ బావ పక్కన కూర్చుని టార్చి పట్టుకున్నారు.

జరిగింది ఇది. క్వారీ దారిలో బండి ఆపి, "ఇంకోసారి వాగు దాటితే చూడు" అన్నాడు పీపా. మీ బావ మర్నాడు కూడా దాటారు. మెత్తటి మనిషి ఎందుకు దాటారో నాకూ అర్థం కాలేదు, అడిగితే "సరుకు పాడైపోతుంది" అన్నారు. సాయంత్రం వాళ్ళు బానెట్ మీదే ఆయన చెయ్యి పెట్టించి కొట్టారు. కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు. ఆ సొట్ట ఇంకా అలాగే ఉంది. నేను వెళ్ళేసరికి చేతిని టోపీలో పెట్టుకుని కూర్చున్నారు, నెత్తురు కారి సీటు పాడవుతుందని. ఆసుపత్రిలో చూపుడు వేలు తీసేశారు. రెండోది ఉంది గాని వంగదు.

నీకు ఎందుకు చెప్పలేదంటే, సరిగ్గా ఇప్పుడు చేసిందే చేస్తావని. మీ బావకి వేలు పోయింది. నాకు తమ్ముడు పోవడం ఇష్టం లేదు. నువ్వు బయటికొచ్చి, ఈ ఇంట్లో కూర్చుని, నాలుగు మెతుకులు తిని పడుకోవాలి. నాకు కావలసింది అదే. దాని ముందు పీపా ఎంత, వాడి సుత్తి ఎంత?

పెట్టె కింద రంధ్రం సంగతి రాయి. బండి షెడ్డులోనే ఉంది.

అక్క

*

జూలై 16

అయిన పనులు: పోలీసుల దగ్గర వాంగ్మూలం. మీ బావ మోకాళ్ళకి కాపడం.

తమ్ముడూ,

ఇది నీకు ఎప్పుడిస్తారో తెలియదు. ఎవరో చెప్పే ముందు నేనే చెప్పాలని రాస్తున్నాను.

మొన్న పొద్దున పీపా, నిచ్చెన వచ్చారు. పైకప్పు మీదికి లేచిన గొట్టం రోడ్డు మీదికి కనపడుతుంది కదా, అది చూసి, ఆ బండి తామే దాటించి క్వారీ పని కొట్టేయాలని వచ్చారు. మీ బావ షెడ్డుకి అడ్డం నిలబడ్డారు. పీపా పార కర్రతో మోకాళ్ళ మీద కొట్టాడు, పడిపోయాక మళ్ళీ కొట్టాడు. వాడి దవడ ఇంకా ఒక పక్కకే ఉంది, మాట సగం ముక్కులోంచి వస్తుంది.

"తాళం తే వదినా. నీ మొగుడికి ఇంకా వేళ్ళున్నాయి."

తాళం ఇచ్చాను. ఇస్తూ చెప్పాను: "గొట్టం పని పూర్తి కాలేదు. పెట్టె అడుగున రంధ్రం ఉంది. వాగులో దించితే నీళ్ళు మింగుతుంది."

"మంచి కథ. మీ తమ్ముడు నేర్పాడా?" అని చెంప మీద కొట్టాడు. ఆ చెవి ఇంకా గుయ్యిమంటూనే ఉంది.

నిచ్చెన బానెట్ ఎత్తి కింద తడిమి చూశాడు. "అన్నా, నిజమే. వేలు దూరుతోంది."

"నీకూ నీళ్ళంటే భయమైతే దిగి చీర కట్టుకో." కాలర్ పట్టుకుని నిచ్చెనని బయటికి ఈడ్చి, తలుపుకేసి బాది, తనొక్కడే బండెక్కి పోయాడు.

వెనకాలే వాగు దాకా పరిగెత్తాను. రేవు దగ్గర లోతు చూడడానికి వాడు కాసేపు ఆగాడు. అప్పుడు మళ్ళీ చెప్పగలిగేదాన్నే. ఒకసారి చెప్పాను. చెంప మండుతుంటే రెండోసారి నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నడి వాగులో బండి దగ్గింది, ఆగింది. తాళం తిప్పాడు. లోపల ఇనుము విరిగిన చప్పుడు ఒడ్డుకి వినిపించింది. నీళ్ళు బండిని పక్కకి తిప్పాయి. కిటికీలోంచి పైకి పాకి, కప్పు మీద పడుకుని గొట్టాన్ని రెండు చేతులతో వాటేసుకున్నాడు. నిచ్చెన తాడు విసిరాడు, అందలేదు. ఇంకాస్త లోపలికి దిగి మళ్ళీ విసిరాడు. అందుకోవాలంటే గొట్టం వదలాలి, పీపా వదల్లేదు. ఒక దుంగ కొట్టుకొచ్చి వాడి నడుముకి తగిలింది. గొట్టం ఊడలేదు. చేతులే ఊడాయి.

సాయంత్రం కింది వంతెన స్తంభం దగ్గర దొరికాడు. మొహం రాళ్ళకి చెక్కుకుపోయింది. భార్య చొక్కా చూసి గుర్తుపట్టింది. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. నిచ్చెన కూడా అదే చెప్పాడు.

నాకు సంతోషంగా ఏమీ లేదు. చెవి నొప్పిగా ఉంది.

అక్క

*

జూలై 30

అక్కా,

శిక్ష తీసేశారు. నీ ఉత్తరాలన్నీ ఒకేసారి ఇచ్చారు. వరసగా చదివి, పెద్దగా నవ్వితే వార్డరు వచ్చి చూసిపోయాడు.

నల్ల సిరా పూసింది ఆ రంధ్రం సంగతే. "కింద ఎవరికీ కనపడని రంధ్రం ఒకటి ఉంటుంది, ముందు దాని సంగతి చూడు" అని రాశాను. గోడకి కన్నం వేస్తున్నామనుకున్నట్టున్నాడు మా ఆఫీసరు. లోపలికొచ్చిన వాన చుక్కలు కారిపోవడానికి కంపెనీవాళ్ళు పెడతారు. గొట్టం పెట్టాక మూసేయాలి.

అయినా నీకు నేను చెప్పాలా? పొగ పెట్టి కనుక్కున్నదానివి మూయలేక వదిలేశావా? తెరిచే ఉంచావు. నిజమే చెప్పావు గాని, నమ్మడని తెలిసి చెప్పావు. మన ఇంట్లో కోపిష్టిని నేనే అనుకున్నాను. జాకీ రాడ్డు పట్టుకున్న నేను లోపల, ఆకురాయి పట్టుకున్న నువ్వు బయట. నీ కాళ్ళకి దణ్ణం.

ఇంకో మంచి మాట. పళ్ళు పోయినవాడు పీపా పోయాడని విని, నా మీద పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. సెప్టెంబరు ఐదున వదులుతున్నారు. నిచ్చెన ఎక్కడుంటున్నాడో కనుక్కుని ఉంచు. వాడితో నాకు కొంచెం మాట్లాడే పని ఉంది.

తమ్ముడు

*

ఆగస్టు 9

అయిన పనులు: ఇంజను భాగాలు కిరోసిన్‌లో కడగడం, వంట, నీ గది దులపడం.

ఒరేయ్,

దణ్ణాలు నీ దగ్గరే ఉంచుకో. నువ్వు మూయమని చెప్పలేదు, నేను మూయలేదు. కంపెనీవాడు పెట్టినదాన్ని అడగకుండా మూసే అలవాటు నాకు లేదు. మందు సీసా మీద రాయని గుళిక కూడా నేను వేయను, నీకు తెలుసు. బండి వాగులోకి వెళ్ళాలని ఉంచలేదు, వెళ్ళకూడదని షెడ్డులో ఉంచాను.

వీధి మొత్తం నీలాగే అనుకుంటోంది. కూరగాయలవాడు అడగకుండానే తూకం మీద గుప్పెడు వేస్తున్నాడు. ఎదురింటావిడ నేనిచ్చిన టీ ముందు నన్ను తాగమంటోంది. నవ్వొచ్చే సంగతే గాని నవ్వు రావడం లేదు. నువ్వొక్కడివైనా నన్ను నమ్ముతావనుకున్నాను.

వాగు తీశాక బండిని గొలుసుతో లాగాం. నువ్వు చెప్పినట్టే లోపలి ఇనప కడ్డీ ఒకటి గొడుగు పిడిలా వంగిపోయింది. షెడ్డులో ఇంజను విప్పారు. మీ బావ, ఇంకొకాయన పని చేస్తున్నారు. రంధ్రం మూశాం.

నిచ్చెన మాట ఎత్తకు.

అక్క

*

ఆగస్టు 18

అక్కా,

"ఇంకొకాయన" ఎవరో ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళు చెప్పారు. నిచ్చెనట. పొద్దున వచ్చి సాయంత్రం దాకా మన షెడ్డులోనే ఉంటున్నాడట. మన ఇంట్లోనే తింటున్నాడట. పీపా పోయాక వాడి కుర్చీలో కూర్చోవడానికి మిమ్మల్ని బెదిరించి తిష్ఠ వేశాడన్నమాట. నా దగ్గర దాచడం నీకు అలవాటైపోయింది. బావ వేళ్ళూ దాచావు, ఇదీ దాచావు.

భయపడకు. ఐదో తారీకు గేటు దాటగానే నేరుగా షెడ్డుకే వస్తాను. పెద్ద పానా ఎక్కడుందో నాకు తెలుసు.

తమ్ముడు

*

ఆగస్టు 27

అయిన పనులు: వంట, నీ బట్టలు ఇస్త్రీ, బండి సీటుకి కొత్త గుడ్డ కుట్టడం.

ముందుగా ఈ ఉత్తరాలు చదివే ఆఫీసరు గారికి. అయ్యా, కింద రాసేదాంట్లో ఒక్క వరుస కూడా కొట్టేయకండి. పోయినసారి మీరు రెండు వరుసలు కొట్టేస్తే ఒక మనిషి పోయాడు. ఇవి కొట్టేస్తే మీ గేటు దాటిన రోజే ఇంకొకడు పోతాడు, మావాడు మళ్ళీ మీ దగ్గరికే వస్తాడు.

తమ్ముడూ,

దాచాననే అన్నావు, కాబట్టి మొత్తం చెబుతున్నాను.

పీపాని శ్మశానానికి తీసుకెళ్ళిన మూడోనాడు నిచ్చెన వచ్చాడు. షెడ్డు గుమ్మంలో తల వంచి నిలబడ్డాడు. వాడి పొడుగుకి ఎలాగూ వంచాలి, ఆ రోజు ఇంకా వంచాడు. మీ బావ మంచం మీద నుంచి లేచి, కుంటుతూ వెళ్ళి, మన చిన్న సుత్తి తీసి వాడి చేతికిచ్చారు.

"మిగిలినవి కూడా కొట్టడానికి వచ్చావా?"

వాడు సుత్తి మళ్ళీ మీ బావ చేతిలోనే పెట్టాడు. రాతి దిమ్మ మీద తన ఎడమ చెయ్యి చాపాడు. "ఈ చేత్తోనే పట్టుకున్నాను బాబూ. కొట్టండి."

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఆపలేదు. మీ బావ కొడతారని నేననుకోలేదు, ఆయనా అనుకోలేదు. ఎడమ చేత్తో ఎత్తి, కళ్ళు మూసుకుని దించారు. వేలు పగిలింది. గోరు ఎగిరి గోడకి తగిలింది. నిచ్చెన మోకాళ్ళ మీద కూలబడ్డాడు గాని చెయ్యి తీయలేదు. "ఇంకోటి," అన్నాడు.

మీ బావ సుత్తి కింద పడేసి, మూలకి పోయి వాంతి చేసుకున్నారు. "ఇంక నావల్ల కాదు, దీనికి కట్టు కట్టవే" అన్నారు. మీ బావకి తెచ్చిన దూదీ గుడ్డా ఇంకా మిగిలి ఉన్నాయి, వాటితోనే కట్టాను. ఒకళ్ళకి నీళ్ళిస్తే ఇంకొకళ్ళు తాగారు, గ్లాసు ఎవరిదో చూసుకోలేదు.

ఆ మర్నాడు వాడు మళ్ళీ వచ్చాడు. పిలవలేదు. గొలుసు తెచ్చి బండిని లాగాడు. అప్పటి నుంచి ఇంజను పని. వాడికి ఎడమ చెయ్యి పనిచేయదు, మీ బావకి కుడి చెయ్యి పనిచేయదు. ఒకరు పానా పట్టుకుంటే ఇంకొకరు నట్టు తిప్పుతారు. తిట్టుకుంటారు. "నీ వేలు అడ్డం తియ్యి," అంటారు మీ బావ. "అడ్డం తీయడానికి మీరే ఉంచలేదుగా," అంటాడు వాడు. నేను అన్నం పెడతాను, కూలి ఇస్తే తీసుకోడు. మొన్న ఇంజను ఆడింది. గొట్టానికి చెప్పు ఆనిస్తే చచ్చింది. నిన్న వాగు దాటి సరుకు దించి వచ్చాను.

ఇప్పుడు నువ్వు అర్థం చేసుకోవలసింది చెబుతాను. పోయింది నీ వేలు కాదు. మీ బావ వేలు. పగ తీర్చుకుంటే ఆయన తీర్చుకోవాలి, వదిలేస్తే ఆయన వదిలేయాలి. ఆయన ఒక వేలు తీసుకుని, రెండోది వదిలేశారు. మధ్యలో నీకు ఎవరూ ఏమీ ఇవ్వనక్కర్లేదు. నువ్వు పెద్ద పానా ఎత్తితే, ఆయన కళ్ళు మూసుకుని, వాంతి చేసుకుని తేల్చిన సంగతిని మళ్ళీ మొదటికి తెచ్చినట్టు. అది ఆయన చేతి మీద ఇంకో దెబ్బ.

ఐదో తారీకు పొద్దున గేటు బయట మన పికప్ ఉంటుంది. నేను ఇంట్లో వంట చేస్తుంటాను, వాళ్ళిద్దరే వస్తారు. మీ బావ పక్క సీటులో ఉంటారు, నడిపేది నిచ్చెన, గేరు వేసేపాటి కూడుకుంది చెయ్యి. నువ్వు వాళ్ళిద్దరి మధ్యలో కూర్చోవాలి, వేరే చోటు లేదు. దారిలో ఆకలేస్తే డబ్బాలో అన్నం ఉంటుంది, ముగ్గురికీ పెడతాను.

మీ బావకి నిచ్చెన పడ్డ బాకీ: ముట్టింది. చెల్లు.

అక్క